కిందికి నొక్కితే ఆనా, ఆఫా? స్విచ్ మీది గుర్తులు చదవడం ఎలా

మన ఇండ్లలో లైటు వేయాలంటే స్విచ్‌ను కిందికి నొక్కుతాం. మీటరు పక్కనున్న ఎంసీబీ (ఎక్కువ కరెంటు పోతే తనంతట తానే పడిపోయే స్విచ్) డబ్బాలో కరెంటు ఇవ్వాలంటే పిడిని పైకి ఎత్తుతాం. బోరు దగ్గర చేంజోవర్ (కరెంటును రెండు దారుల్లో ఒకదాంట్లోకి మళ్లించే స్విచ్) హ్యాండిల్‌కు పైన పెట్టినా ఆనే, కింద పెట్టినా ఆనే, నడుమ పెడితేనే ఆఫ్. పొద్దున లేచిన కాడి నుంచి ఒకే చెయ్యి ఈ మూడింటినీ ముట్టుకుంటుంది. ఆ చెయ్యి గుర్తు చదవదు, తనకు అలవాటైన వైపే పోతుంది.

నేను దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో పద్దెనిమిదేండ్లుగా ఇంటి వైరింగు, మోటరు డబ్బాల పని చేస్తున్నాను. మా చిన్నాయన పొలంలో రెండు బోర్లు, స్టార్టర్ మాత్రం ఒక్కటే. స్టార్టర్ తర్వాత చేంజోవర్ బిగించి, హ్యాండిల్ పైన ఉంటే పాత బోరు, కింద ఉంటే కొత్త బోరు నడిచేటట్టు నేనే కట్టి ఇచ్చాను. ఒకరోజు పాత బోరు నడుస్తోంది. కొత్త బోరు దగ్గర మా తమ్ముడు కేబుల్ జాయింటు విప్పి కూర్చున్నాడు. పాత బోరు కేబుల్ కూడా చూద్దామని ఫోన్ చేసి, "చిన్నాయనా, మొత్తం బంద్ పెట్టు" అన్నాడు. చిన్నాయన ఇంట్లో ఎంసీబీ దించినట్టే హ్యాండిల్‌ను కిందికి లాగేశాడు. స్టార్టర్‌లో కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) పట్టుకునే ఉంది. కరెంటు పాత బోరును వదిలి నేరుగా తమ్ముడి చేతిలో ఉన్న తీగల్లోకి వచ్చింది. ఆ దెబ్బకు వాడు వెనక్కి పడ్డాడు కాబట్టి బతికాడు. కుడి అరచేతిలో కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ హ్యాండిల్ పక్కన రేకు మీద పైన ఒక గీత, నడుమ సున్నా, కింద రెండు గీతలు అచ్చు వేసే ఉన్నాయి. మూడేండ్లుగా వాటిని ఎవరూ చదవలేదు. బిగించిన నేను కూడా చదివి చెప్పలేదు. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో పని ముగించినా ఇంటివాళ్లను పిలిచి గుర్తులన్నీ చూపించి వస్తున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఒక టెస్టర్, ఒక పెయింట్ మార్కర్ దగ్గర పెట్టుకుని చదవండి.

ముందుగా గీత, సున్నా

ఏ స్విచ్ చూసినా మొదట ఈ రెండు గుర్తుల కోసం వెతకండి. నిలువు గీత ఉన్న వైపు నొక్కితే ఆన్, సున్నా ఉన్న వైపు నొక్కితే ఆఫ్. ఇవి ప్రపంచమంతా వాడే గుర్తులు. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 60417 అనే ప్రమాణంలో గీతకు 5007, సున్నాకు 5008 అని నంబర్లు ఇచ్చారు. భాష రాని వాళ్లకూ అర్థం కావాలని మాటలకు బదులు గుర్తులు పెట్టారు.

చిక్కల్లా వీటిని ఇంగ్లీషు అక్షరాలనుకోవడంతో వస్తుంది. ఆ సున్నాను 'ఓ' అని చదివి, ఆన్‌లో మొదటి అక్షరం అదే కదా అనుకునేవాళ్లు చాలామంది. బడికి పోయే పిల్లలకైతే ఇంకా ఎక్కువగా ఇదే అనుమానం వస్తుంది. సున్నా అంటే ఏమీ లేదు, అంటే కరెంటు లేదు అని చెప్పండి. ఒకటి అంటే ఉంది. అంతే, మర్చిపోరు.

ఈ రెండూ కలిసిన గుర్తులు ఇంకో రెండున్నాయి. సున్నా లోపల గీత పూర్తిగా ఇమిడి ఉంటే, ఒకే బటన్‌ను ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అని. సున్నా పైభాగం తెగి, ఆ సందులోంచి గీత బయటికి వస్తే అది స్టాండ్‌బై. టీవీల మీద, సెటప్ బాక్సుల మీద, కంప్యూటర్ల మీద ఉండేది ఇదే. దాన్ని నొక్కితే తెర నల్లబడుతుంది కానీ లోపల కరెంటు ఉంటూనే ఉంటుంది. వెనక మూత విప్పే పనుంటే ఆ బటన్‌ను నమ్మొద్దు, ప్లగ్ పీకండి.

మిక్సీ మీద గుండ్రటి నాబ్‌కు నడుమ సున్నా, ఒక పక్క 1, 2, 3, ఇంకో పక్క 'పీ' అని ఉంటుంది. 'పీ' వైపు తిప్పి పట్టుకున్నంత సేపే తిరుగుతుంది, వదిలితే నాబ్ తనంతట తానే సున్నాకు వస్తుంది. ఇలా వదలగానే వెనక్కి వచ్చే రకం గురించి తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం.

గోడ మీది స్విచ్

మన దేశంలో గోడ స్విచ్‌కు కింది కొస లోపలికి పోతే ఆన్. బ్రిటన్‌లోనూ ఇంతే. అమెరికాలో తలకిందులు, అక్కడ పైకి లేపితే ఆన్. అక్కడి నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు మన ఇంట్లో రెండ్రోజులు తడబడేది అందుకే. అయితే బోర్డు విప్పి మళ్లీ బిగించేటప్పుడు స్విచ్‌ను తలకిందులుగా పెడితే ఈ అలవాటు పనికిరాదు. గోడలకు సున్నం కొట్టినప్పుడో రంగులు వేసినప్పుడో బోర్డులు విప్పిన ఇండ్లలో ఇది తరచూ చూస్తుంటాను.

బోర్డు ముందు నిలబడి ఒక్కో స్విచ్ చూడండి. కొన్నింటి మీద ఒక కొసన చిన్న గీతో చుక్కో ఉంటుంది. కొన్నింటికి ఆన్ చేసినప్పుడు మాత్రమే పై అంచున ఎర్ర గీత బయటపడుతుంది. చిన్న దీపం ఉన్న స్విచ్ అయితే ఒకసారి వేసి, తీసి చూసుకోండి. ఒక రకంలో ఆన్‌లో ఉంటే దీపం వెలుగుతుంది. ఇంకో రకంలో ఆఫ్‌లో ఉన్నప్పుడే వెలుగుతుంది, చీకట్లో స్విచ్ ఎక్కడుందో తెలియాలని. రెండు రకాలూ ఒకే బోర్డులో ఉన్న ఇండ్లున్నాయి. అట్లాంటి చోట దీపం చూసి ఏదీ నిర్ణయించొద్దు.

గుర్తు ఆఫ్ అని చెప్పినా ఒక విషయం మిగిలే ఉంటుంది. మామూలు స్విచ్ రెండు తీగల్లో ఒక్కదాన్నే తెంపుతుంది. ఆ తెంపేది ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ కావాలి. పొరపాటున న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి పోయే తీగను స్విచ్‌లోంచి తిప్పితే బుగ్గ ఆరిపోతుంది కానీ ఫేజు హోల్డర్ దాకా వచ్చి కూర్చుంటుంది. బుగ్గ మార్చబోయి షాక్ తిన్నామని చెప్పే ఇండ్లలో చాలావరకు ఇదే దొరుకుతుంది. దీన్ని పట్టుకోవడం ఇట్లా: ముందు టెస్టర్‌ను కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి అది వెలుగుతోందని చూసుకోండి. కాళ్లకు చెప్పులుండాలి, చేతులు పొడిగా ఉండాలి. స్విచ్ ఆఫ్ చేసి, బుగ్గ తీసి, హోల్డర్‌లోని రెండు పిన్నులకూ ఒక్కోసారి టెస్టర్ ఆనించండి. దేనికీ వెలగకూడదు. వెలిగిందంటే తీగలు తారుమారయ్యాయి, మెయిన్ దించి ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి.

స్విచ్ వెనక్కి తిప్పితే

కొత్త స్విచ్ కొనేటప్పుడు ముందు వైపు అందం చూస్తాం. చదవాల్సింది వెనక ఉంటుంది. ఐఎస్‌ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 3854 అనే నంబరు ఉండాలి. ఇంటి స్విచ్‌లకు మన దేశ ప్రమాణం అది. తర్వాత 6 ఆంప్స్, 250 వోల్టులు అనో, 16 ఆంప్స్, 250 వోల్టులు అనో ఉంటుంది. పాత ఇండ్లలో ఇవే 5, 15 అని కనిపిస్తాయి.

లెక్క చిన్నదే. వాట్లను 230తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. 2000 వాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంప్స్ లాగుతుంది. 6 ఆంప్స్ స్విచ్ మోసేది 1380 వాట్ల దాకానే. నీళ్లు కాగబెట్టే రాడ్డు 1500 వాట్లది అయినా అది ఆ స్విచ్‌కు ఎక్కువే. చలికాలంలో బోర్డు నల్లబడి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోందని ఫోన్ వస్తే, నేను అడిగే మొదటి మాట రాడ్డు ఎక్కడ పెట్టారనే. రాడ్డు, గీజర్, ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె అన్నీ పెద్ద సాకెట్‌కే, 16 ఆంప్స్ స్విచ్‌కే పెట్టండి.

ఆంప్స్ పక్కన 'ఎక్స్' అనే అక్షరం ఉంటే ట్యూబులైటు లాంటి లోడుకూ ఆ స్విచ్ తట్టుకుంటుందని. చిన్న అల లాంటి గీత ఏసీ కరెంటుకు, అంటే మన ఇండ్లకు వచ్చే కరెంటుకు గుర్తు. అడ్డగీత, దాని కింద తునకలు తునకలుగా ఇంకో గీత ఉంటే డీసీకి, అంటే బ్యాటరీ, సోలార్ ప్లేట్లు ఇచ్చే కరెంటుకు. ఈ తేడా ఇప్పుడు అవసరం, సోలార్ ప్లేట్లు పెట్టుకునేవాళ్లు పెరిగారు కదా. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, స్విచ్ తెరిచినప్పుడు లేచిన మెరుపు ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, మెరుపు అట్లాగే నిలబడి స్విచ్‌ను కరిగిస్తుంది. సోలార్ ప్లేట్ల తీగ మీద ఇంటి స్విచ్, ఇంటి ఎంసీబీ పెట్టొద్దు. డీసీ అని రాసి ఉన్నదే పెట్టాలి.

దుకాణంలో అడిగే పేర్లు

మన దగ్గర దుకాణంలో వన్‌వే, టూవే, డీపీ అని అడుగుతాం. డబ్బా మీద, ఆన్‌లైన్‌లో మాత్రం ఎస్‌పీఎస్‌టీ, ఎస్‌పీడీటీ, డీపీఎస్‌టీ, డీపీడీటీ అని ఉంటుంది. ఇవి చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. మొదటి రెండక్షరాలు ఎన్ని తీగల్ని ఒకేసారి తెంపుతుందో చెబుతాయి: 'ఎస్‌పీ' అంటే ఒక తీగ, 'డీపీ' అంటే రెండు తీగలు. చివరి రెండక్షరాలు ఎన్ని దారుల్లోకి మళ్లించగలదో చెబుతాయి: 'ఎస్‌టీ' అంటే ఒకే దారి, 'డీటీ' అంటే రెండు దారులు. మడికి నీళ్లు పెట్టేటప్పుడు గండి మూయడం, తెరవడం మాత్రమే చేస్తే అది ఒక దారి. ఈ మడికి ఆపి ఆ మడికి మళ్లిస్తే అది రెండు దారులు. కాబట్టి మన వన్‌వే వాళ్ల ఎస్‌పీఎస్‌టీ, మన టూవే వాళ్ల ఎస్‌పీడీటీ. గీజరుకు, గది చల్లబరిచే ఏసీకి పెట్టే డీపీ స్విచ్ వాళ్ల డీపీఎస్‌టీ, అది ఫేజును, న్యూట్రల్‌ను కలిపే తెంపుతుంది.

వెనకున్న స్క్రూలు లెక్కపెట్టినా తెలిసిపోతుంది. వన్‌వేకు రెండు, టూవేకు మూడు, డీపీకి నాలుగు. మూడు చోట్ల నుంచి ఒకే లైటు వేసుకోవడానికి నడుమ పెట్టే ఇంటర్మీడియట్ స్విచ్‌కు కూడా నాలుగే ఉంటాయి, డీపీతో కలిపేసుకోకండి.

మెట్ల దగ్గర పెట్టే టూవే గురించి కాస్త ఆగి చెప్పాలి. దాని మూడు స్క్రూల దగ్గర 'సీ', 'ఎల్1', 'ఎల్2' అని ఉంటుంది. 'సీ' అంటే కామన్. చాలా స్విచ్‌లలో నడిమిది కామన్, అన్నింటిలో కాదు. అక్షరాలు చెరిగిపోతే స్విచ్‌ను తీగల నుంచి పూర్తిగా విడదీసి, మల్టీమీటర్‌ను మోగే స్థానంలో పెట్టి రెండేసి స్క్రూలకు ఆనించండి. స్విచ్ ఎటు నొక్కినా ఎప్పుడూ మోగని జత ఒకటి దొరుకుతుంది. ఆ రెండూ ఎల్1, ఎల్2. మిగిలిన మూడోది కామన్. కింది స్విచ్ కామన్‌కు ఫేజు, పై స్విచ్ కామన్‌కు బుగ్గ తీగ, ఎల్1 ఎల్1కు, ఎల్2 ఎల్2కు.

ఇంకొకటి గమనించండి. సరైన టూవే స్విచ్ మీద ఆన్, ఆఫ్ గుర్తులు ఉండవు. కంపెనీవాళ్లు మర్చిపోయారని కాదు. పై అంతస్తులో ఎవరో స్విచ్ తిప్పగానే కింది స్విచ్‌కు నిన్న ఆఫ్ అయిన వైపు ఇవాళ ఆన్ అవుతుంది. ఏ వైపూ నికరంగా ఆఫ్ కాదు. అందుకని మెట్ల మీది బుగ్గ మార్చేటప్పుడు స్విచ్ ఆపి ఎక్కడం కుదరదు. మీరు నిచ్చెన మీద ఉండగా పైనుంచి పిల్లవాడు దిగుతూ స్విచ్ నొక్కుతాడు. ఎంసీబీ దించే ఎక్కండి.

కాలింగ్ బెల్ బటన్ లాంటివి నొక్కినంత సేపే కలుస్తాయి. డబ్బా మీద ఆన్ అనే మాటకు బ్రాకెట్ పెట్టి ఉంటే అర్థం ఇదే, వదిలితే ఆ స్థానం నిలవదు. బ్రాకెట్ లేకుంటే పెట్టిన చోటే ఉంటుంది. ఆన్-ఆఫ్-ఆన్ అని మూడు మాటలుంటే నడుమ ఆఫ్, రెండు కొసలా ఆన్.

ఎంసీబీ డబ్బా

ఇక్కడ పైకి ఎత్తితే ఆన్, కిందికి దించితే ఆఫ్. గోడ స్విచ్‌కు సరిగ్గా ఎదురు. పిడి మీద గీత, సున్నా అచ్చు వేసి ఉంటాయి. డబ్బానే తలకిందులుగా బిగించిన ఇండ్లు చూశాను. అక్షరాలు తలకిందులుగా కనిపిస్తే వెంటనే అనుమానించండి. అక్కడ దించితే ఆన్ అవుతుంది. అప్పుడు పైనా కిందా అనేది వదిలేసి గీత, సున్నా మాత్రమే చూడండి.

కొన్నింటికి చిన్న కిటికీ ఉండి అందులో రంగు మారుతుంది. ఎరుపు ఉంటే లోపల కలిసి ఉంది, అంటే కరెంటు పోతోంది. ఆకుపచ్చ ఉంటే తెగి ఉంది. ఇది నేను ఎక్కువసార్లు చెప్పాల్సి వచ్చే విషయం. ఎందుకంటే స్టార్టర్ డబ్బా మీద పచ్చ బటన్ నొక్కితే మోటరు నడుస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. అదే లెక్కతో ఎంసీబీ కిటికీలో ఎరుపు చూసి "ఆగి ఉంది" అనుకుంటారు. బటన్ రంగు, నొక్కితే ఏం జరుగుతుందో చెబుతుంది. కిటికీ రంగు, ఇప్పుడు ఏముందో చెబుతుంది. కిటికీలో ఎరుపు కనిపిస్తే ముట్టొద్దు.

ఎంసీబీ మీద 'సీ16' అని ఉంటే 16 ఆంప్స్ దాకా నిలకడగా మోస్తుంది. ముందున్న అక్షరం, ఒక్కసారిగా ఎంత కరెంటు వస్తే వెంటనే పడిపోతుందో చెబుతుంది. 'బీ' అయితే ఆ ఆంప్స్ అంకెకు 3 నుంచి 5 రెట్లు, 'సీ' అయితే 5 నుంచి 10 రెట్లు. మోటరు, ఫ్రిజ్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి కాబట్టి వాటికి 'సీ' వాడతారు. ఎంసీబీ మీద గీసిన చిన్న చదరంలో 6000 అని ఉన్నది, షార్ట్ అయినప్పుడు అది ఎన్ని ఆంప్స్ దాకా తెంపగలదో చెప్పే అంకె. 16 మాటిమాటికీ పడిపోతోందని 32 పెట్టించుకోవద్దు. ఎంసీబీ కాపాడేది తీగను. తీగ మార్చకుండా అంకె పెంచితే ఇక పడిపోయేది ఎంసీబీ కాదు, గోడ లోపల కాలేది తీగ.

ఎంసీబీ పడిపోయినప్పుడు కొన్ని రకాల్లో పిడి నడుమనే ఆగుతుంది. అక్కడి నుంచి పైకి ఎత్తితే నిలవదు. ముందు పూర్తిగా కిందికి నొక్కి, అప్పుడు ఎత్తాలి. వెంటనే మళ్లీ పడిపోతే ఆ లైనులో ఏదో ఉంది, ప్లగ్గులన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టి చూడండి.

పక్కనే 30 ఎంఏ అని రాసి, 'టీ' అనే చిన్న బటన్ ఉన్నది ఆర్‌సీసీబీ. మనిషిలోంచి గానీ గోడలోంచి గానీ కరెంటు భూమిలోకి కారుతుంటే పడిపోయేది ఇదే. కరెంటు ఉన్నప్పుడు నెలకోసారి 'టీ' నొక్కండి, టక్కున పడిపోవాలి. పడకపోతే మార్పించండి. ఆ బటన్ ఎర్తు తీగను మాత్రం పరీక్షించదు, ఎర్తు గుంతను విడిగా చూపించుకోవాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మెయిన్ దించినా ఆ తీగల్లో కరెంటు ఉంటుంది. లైట్లు వెలుగుతూనే ఉన్నా బోర్డు విప్పేవాళ్లను చూశాను. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాకే స్క్రూడ్రైవర్ పట్టండి.

బోరు దగ్గరి డబ్బా

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైంది. అంతకుముందు కరెంటు విడతలుగా వచ్చేది. ఏ అర్ధరాత్రో వస్తే లేచి పోలేక మన రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. ఆ డబ్బాలు ఇప్పటికీ చాలా చోట్ల ఉన్నాయి. వాటి మీద 'ఆటో', 'మాన్యువల్' అనే రెండు స్థానాల స్విచ్ ఉంటుంది, కొన్నింటి మీద 'ఏ', 'ఎం' అని మాత్రమే ఉంటుంది. ఆటోలో ఉంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మోటరు తనంతట తానే నడుస్తుంది. మోటరు ఆగి ఉంది కదా అని దగ్గరికి పోయే ముందు ఈ స్విచ్‌ను మాన్యువల్‌కు మార్చండి.

ఓవర్‌లోడ్ రిలే (మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) మీద 'హెచ్', 'ఏ' అని ఇంకో చిన్న గుర్తు ఉంటుంది. 'హెచ్' అంటే పడిపోయాక చేత్తో రీసెట్ నొక్కాలి. 'ఏ' అంటే చల్లబడగానే తానే కలిసిపోతుంది. దీన్ని 'హెచ్'లోనే ఉంచండి. ఆటో స్టార్టర్‌తో పాటు ఇది కూడా 'ఏ'లో ఉంటే, కాలిపోబోతున్న మోటరు మళ్లీ మళ్లీ నడిచి నిజంగానే కాలిపోతుంది. రిలే మీది ఆంప్స్ చక్రాన్ని మోటరు ప్లేటు మీద రాసిన ఆంప్స్‌కే పెట్టండి. పడిపోతోందని దాన్ని పెంచుకుంటూ పోవడం రీవైండింగ్ షాపుకు పైసలు కట్టడమే.

డబ్బా మూత తెరిచిన మెకానిక్ పనివాళ్ల కోసం ఒక ముక్క. కాంటాక్టర్ మీద 'ఏ1', 'ఏ2' కాయిల్ కొసలు. రెండంకెల నంబర్లలో చివరి అంకె చూడండి. 1, 2తో ముగిసే జత ఎన్‌సీ, ముట్టనప్పుడు కలిసి ఉండేది. 3, 4తో ముగిసే జత ఎన్‌ఓ, ముట్టనప్పుడు తెగి ఉండేది. 13-14 ఎన్‌ఓ, 21-22 ఎన్‌సీ అట్లా. ఓవర్‌లోడ్‌లో 95-96 ఎన్‌సీ, 97-98 ఎన్‌ఓ. ఆపే బటన్‌కు ఎప్పుడూ ఎన్‌సీనే వాడతారు. దాని తీగ ఎలుక కొరికి తెగినా మోటరు ఆగిపోవాలి కానీ, ఆగకుండా నడవకూడదు.

వోల్టు మీటరు కింద తిప్పే స్విచ్ ఉంటే దాని మీద 'ఆర్‌వై', 'వైబీ', 'బీఆర్' అని ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం ఫేజుల జతలవి. మూడు వైపులా తిప్పి చూడండి. 415కు అటూ ఇటూగా మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే ఆ పూట మోటరు వేయొద్దు.

ఇక బోరు దగ్గర చెయ్యి పెట్టే పనుంటే వరస ఇది. ఎర్ర బటన్ నొక్కి మోటరు ఆపండి. ఆటోను మాన్యువల్‌కు మార్చండి. చేంజోవర్ ఉంటే నడుమ సున్నాకు తెండి. మెయిన్ స్విచ్ దించండి. మూడు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. టెస్టర్‌ను ముందు మెయిన్‌కు వచ్చే తీగ మీద చూసి, వెలుగుతోందని నిర్ధారించుకున్నాకే పని చేయబోయే తీగల మీద పెట్టండి. మూడింటికీ ఒక్కోసారి. ఫోన్లో ఎవరితోనో ఆపించి, వాళ్ల మాట మీద తీగ పట్టుకోవద్దు. ఆ ఫ్యూజులు మీ జేబులో ఉంటే ఇంకెవరూ కరెంటు ఇవ్వలేరు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును తెంపే పెద్ద స్విచ్) హ్యాండిల్ మాత్రం మీరు ముట్టేది కాదు. కింద హ్యాండిల్ దించినా పైన మూడు బ్లేడ్లలో ఒకటి తెగకుండా ఉండిపోవచ్చు. కింద నిలబడి అది కనిపెట్టడం కష్టం. లైన్‌మన్‌ను పిలవండి, లేదా 1912కు ఫోన్ చేయండి.

మీ చేత్తో రాయాల్సినవి

కంపెనీ గుర్తు ఆన్, ఆఫ్ వరకే చెబుతుంది. ఆ స్విచ్ దేనిదో చెప్పాల్సింది మీరే. ఒకరు డబ్బా దగ్గర, ఒకరు ఇంట్లో ఉండి, ఎంసీబీలను ఒక్కొక్కటే దించుతూ ఏవేవి ఆగాయో కాగితం మీద రాసుకోండి. గంట పని. తర్వాత ఒక్కో ఎంసీబీ కింద మార్కర్‌తో రాసి, మొత్తం జాబితాను మూత లోపల అతికించండి. తెలుగులోనే రాయండి. రాత్రి పూట అవసరం పడితే చదివేది మీ అమ్మ కావచ్చు, పక్కింటి పెద్దమ్మ కావచ్చు.

పేర్లు పెట్టేటప్పుడు మారిపోయే పేర్లు వద్దు. 'చిన్నోడి గది' అని రాస్తే వాడు హైదరాబాద్ పోయాక అది ఎవరి గదో తెలియదు. 'తూర్పు గది', 'వంటిల్లు', 'ట్యాంకు మోటరు' అని రాయండి. బోర్లకూ అంతే. 'కొత్త బోరు' అని రాస్తే ఇంకో బోరు వేసిన రోజు ఆ రాత తప్పు చెబుతుంది.

మా చిన్నాయన చేంజోవర్ మీద ఇప్పుడు పైన 'వేపచెట్టు బోరు', కింద 'గట్టు బోరు' అని తెల్ల పెయింటుతో ఉంది. నడుమ సున్నా పక్కన ఎర్ర పెయింటుతో 'బంద్' అని నా తమ్ముడే రాశాడు. ఎండకు రంగు పాలిపోతుంది కాబట్టి ఏటా వానాకాలం నాట్లకు ముందు మళ్లీ దిద్దుతాడు. చిన్నాయన హ్యాండిల్ పట్టుకునే ముందు ఆ మూడు మాటలూ పైకే చదువుతాడు.